మస్తాన్ మాస్టారి మత్తేభం

మొన్నామధ్య ఒక ఆదివారం పొద్దున్నే రాములు బాబాయి ఏలూరులో మా ఇంటికి వచ్చాడు. బాబాయి మా నాన్నకి వరసకి తమ్ముడు. కొల్లేరు నడుమ ఉన్న మా లంకలో పాతవాళ్లు ఇప్పుడు చాలా కొద్దిమందే మిగిలారు, వాళ్లలో ఆయనొకడు. గోనెసంచిలో తడిగుడ్డ చుట్టి తెచ్చిన కొర్రమేనుని వంటింటి గట్టు మీద పెట్టి, "ఇంకా పేణముందే, మూతెట్టు, దూకుద్ది," అన్నాడు. కాఫీ ఇచ్చాక గ్లాసుని రెండు చేతుల మధ్య తిప్పుతూ చాలాసేపు కూర్చున్నాడు. మావాళ్లకి ఏదైనా అడగాల్సిన పని ఉంటే ముందు వానల గురించి, తర్వాత ఒంట్లో నలతల గురించి, ఆ తర్వాత బస్సుల గురించి మాట్లాడతారు. బస్సులు కూడా అయిపోయాక అసలు సంగతి బయటికొచ్చింది. మా పాత చేపల చెరువుకి మళ్లీ గట్లు లేచాయి. ఎవరో బయటి లీజుదారు తవ్వించాడు. బాబాయి దానికి కాపలా. గురువారం అందులో చేపపిల్ల వదులుతున్నారు. "నువ్వు తెలుగు టీచరువి కదే. ఆ రోజు మైకులో సదవడానికి ఓ పద్యం రాసియ్యి. మంచి గణం చూసి మొదలెట్టు," అన్నాడు. లేచి చెప్పులు వేసుకుంటూ, "మస్తాన్ మాస్టారికి మాత్రం తెలియనీకమ్మా. పెద్దాయన మనసు కష్టపెట్టుకుంటారు," అని కూడా అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడంటే, కోపం తెచ్చుకోవడానికి నాకు చోటే దొరకలేదు.

మస్తాన్ మాస్టారు మా లంక హైస్కూల్లో తెలుగు పండితులు. ఏలూరు నుంచి మొదటి బస్సెక్కి కొల్లేటి ఒడ్డున దిగి, ఎవరో ఒకరి తాటిదోనెలో మా ఊరు చేరేవారు. తెల్లచొక్కా, తెల్లప్యాంటు. చెప్పుల్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని, ప్యాంటు మోకాళ్లదాకా మడుచుకుని దోనె దిగేవారు. జేబులో చిన్న అత్తరు దూది ఉండేది. మా క్లాసులో తవుడు వాసన, ఎండుచేపల వాసన, తడిసిన పుస్తకాల వాసన కలగలిసి ఉండేవి. ఆ వాసనల మధ్యకి అత్తరు వాసన వచ్చిందంటే పుస్తకం తియ్యాలని అర్థం. చేపల వాసనకి ముక్కు మూసుకున్న మాస్టార్లని మేం చాలామందిని చూశాం. వాళ్లు ఏడాది తిరక్కుండా బదిలీ చేయించుకుని పోయేవారు. ఈయన మాత్రం మధ్యాహ్నం క్యారియర్ విప్పి, "ఏమ్మా మణీ, మీ నాయనమ్మ ఎండబెట్టిన జెల్లలేమన్నా ఉన్నాయా?" అని అడిగి మరీ తెప్పించుకునేవారు. మా నాయనమ్మ ఆ మాటకి మురిసిపోయి, చుట్ట పక్కనపెట్టి, ఇసక లేని చేపలు ఏరి మరీ పంపేది.

ఇంట్లో పొద్దు తవుడుతోనే మొదలయ్యేది. చీకటి విడవకముందే అమ్మ, నాన్న తవుడూ వేరుశెనగ చెక్కా కలిపి సంచుల్లో కూరేవారు. ఆ సంచులకి చిల్లులు పెట్టి చెరువులో పాతిన కర్రలకి కడితే, చేపలు కింద నుంచి పొడుచుకుని తినేవి. నాన్న ఒళ్లంతా, మా పక్కలంతా, చివరికి మా అన్నం కూడా తవుడు వాసనే. చెరువు మా ఒక్కరిది కాదు, ఊళ్లో సంఘం వాళ్లందరిదీ. అయినా ప్రతి ఇల్లూ అది తనదే అన్నట్టు మాట్లాడుకునేది. అంతకుముందు మా తాతలు కిక్కిస గడ్డిలో చేపలు పడే మావులు పెట్టుకుని, దొరికిన రోజు తిని, దొరకని రోజు నీళ్లు తాగి పడుకున్నవాళ్లు. చెరువు వచ్చాకే మా ఊళ్లో గోడలకి సున్నం పడిందని నాయనమ్మ చెప్పేది.

మాస్టారి నాన్నగారు ఏలూరులో తివాచీలు నేసేవారట. మగ్గం ముందు వరసగా కూర్చున్న పిల్లలకి, నమూనా కాగితం చూసి పెద్దవాళ్లు రంగులు పైకి చదివేవారట. ఎరుపు రెండు, నీలం ఒకటి, మళ్లీ ఎరుపు. వేళ్లు ఒక ముడి వేస్తుండగానే చెవి తర్వాతి రంగు కోసం కాచుకుని ఉండేదట. "నేను ఛందస్సు నేర్చుకుంది మగ్గం దగ్గరే. పుస్తకం తర్వాత వచ్చింది," అనేవారు. మాకు మగ్గం తెలియదు కనక దోనెతో చెప్పారు. నీళ్లలో గెడ అలా గుచ్చి తీసేస్తే లఘువు. గుచ్చి, ఒళ్లంతా వాల్చి నెడితే గురువు. గురువుకి లఘువు కంటే రెట్టింపు సేపు పడుతుంది. పొట్టి అక్షరమైనా దాని తర్వాత జంట అక్షరం వస్తే అది కూడా గురువైపోతుంది. ఎందుకండీ అని అడిగితే, "సొంత బరువు లేకపోయినా పక్కవాడి బరువు మోసేవాణ్ణి ఏమంటారు? గురువే అంటారు," అన్నారు. మూడేసి అక్షరాలు కలిస్తే గణం. వాటి పేర్లన్నీ ఇమిడిన 'యమాతారాజభానసలగం' మాకు తారకమంత్రమైపోయింది. బడికి వెళ్తూ అదే అరుస్తూ, అక్షరానికో గెడ వేసేవాళ్లం. యగణానికీ నగణానికీ దోనె ఒకేలా నడవదు కదా, అది వంకరటింకరగా పోయి గుర్రపుడెక్కలో ఇరుక్కునేది. అక్కడి నుంచి లాగలేక మేం ఆలస్యంగా బడికి వస్తే, మాస్టారు కొట్టకుండా ఏ గణం దగ్గర ఇరుక్కున్నారని అడిగేవారు.

పద్యాల రకాలు కూడా మనుషుల్లా పరిచయం చేశారు. కందానికి ఒక కాలు పొట్టి, ఒక కాలు పొడుగు, అయినా కుంటదు. ఆటవెలది పనికి పోతూ పాడుకునే పాట. సీసం పెద్ద లోగిలి, దాని వెనక తేటగీతి గాని ఆటవెలది గాని పెరడులా ఉండి తీరాలి. ప్రాస అంటే నాలుగు పాదాలకీ రెండో అక్షరం ఒకటే ఉండడం, అన్నదమ్ములు నలుగురికీ ఇంటిపేరు ఒకటే అయినట్టు. యతి అంటే పాదం మధ్యలో మొదటి అక్షరానికి చుట్టమైన అక్షరం ఎదురవడం. "నడిచి నడిచి అలిసిపోయే వేళకి మనూరివాడు కనబడితే ఎలా ఉంటుంది? అదీ యతి." ఇలా చెబితే ఎవరికి రాదు! మా క్లాసులో లెక్కలు రానివాడికి కూడా గణవిభజన వచ్చేది. నేను తొమ్మిదో తరగతికల్లా కందం కట్టేశాను. మా ఇంటి కుక్క మీద. మాస్టారు దాన్ని స్టాఫ్ రూములో అందరికీ చదివి వినిపించారు. నా జీవితంలో నాకు జరిగిన మొదటి సన్మానం అదే, కుక్కకి కూడా.

ఒక వాన రోజు పిల్లలు సగమే వచ్చారు. పాఠం చెప్పబుద్ధి కాక, "ఇది పరీక్షలో రాదు, ఊరికే వినండి," అంటూ గణఫలాలు చెప్పారు. ఒక్కో గణానికీ ఒక్కో దేవత, పద్యం మొదట్లో ఆ గణం పడితే ఒక్కో ఫలం. మగణానికి భూమి, సంపద. నగణానికి స్వర్గం, సుఖం. భగణానికి చంద్రుడు, కీర్తి. రగణానికి అగ్ని, అది కీడు. తగణానికి ఆకాశం, శూన్యం. సగణానికి వాయువు, ఊరు విడిచి దూరదేశం పోవడం. "పాతవాళ్ల నమ్మకం. ఈ దేవతలు పుస్తకంలో ఉన్నారు, అక్కడే ఉంచండి," అని నవ్వారు. పరీక్షలో రాదన్నది పిల్లలకి గుర్తుండిపోయినట్టు వచ్చేది గుర్తుంటుందా? సాయంత్రానికల్లా లంకంతా గణాలే. రాములు బాబాయి పేరు భగణమని తేలి, ఆయన వారం రోజులు చంద్రుడి మాదిరే తిరిగాడు. నాయనమ్మ పేరు సుబ్బమ్మ. రెండు గురువులు, ఒక లఘువు, తగణం. "శూన్యమా? ఈ ముక్క చెప్పడానికా జీతం ఇత్తన్నారు ఆ మాస్టారికి?" అని నా మీద విరుచుకుపడి, కాసేపాగి చుట్ట వెలిగించుకుని, "అదీ నిజవేలే," అంది. కొత్త కోడళ్ల పేర్లు, దోనెల పేర్లు, మేకపిల్లల పేర్లు కూడా గణాలు కట్టించుకుని పోయేవారు. చదువులేని ఊరు చదువుని అంతగా ఇష్టపడడం నేను మళ్లీ చూడలేదు.

ఆ ఊపులోనే సంఘం వాళ్లు చెరువు గట్లు పెంచి, పెద్ద చేపపిల్ల తెప్పించి, మైకు పెట్టి పండగ చేయాలనుకున్నారు. మాస్టారిని పద్యం అడిగారు. అంతకుముందు ఆయన్ని ఎవరూ ఏదీ రాయమని అడిగి ఉండరని ఇప్పుడనిపిస్తుంది. ఏలూరులో పండితులు చాలామంది. పెళ్లి పద్యాలకీ సన్మాన పద్యాలకీ వాళ్లనే పిలుస్తారు, తివాచీలవాళ్ల అబ్బాయిని కాదు. మా లంక అడిగింది. ఆ మర్నాడు దోనె దిగుతూనే నన్ను పిలిచి, మొదటి పాదం చెప్పారు. చెరువు నీళ్ల మీద పొద్దుటెండ పడుతోంది.

"జలమే జీవము మాకు నీ చెరువులో సంపత్తి రానీ సదా!"

నేను వేళ్ల మీద లెక్కపెట్టి, "మత్తేభం అండీ," అన్నాను. ఆయన ముఖం వెలిగింది. వెంటనే, "కానండీ, మత్తేభం సగణంతో మొదలవుద్ది కదండీ. ఊరు విడిచి పోవడం కదండీ?" అన్నాను. మాస్టారు పెద్దగా నవ్వారు. "అదంతా పట్టుకున్నావా! అమ్మాయ్, జలం అన్నది మంగళకరమైన మాట. అలాంటి మాట మొదట ఉంటే దోషం అంటదని వాళ్లే రాశారు." జలమే తీసి 'నీరే' అంటే మొదటి రెండు లఘువులూ ఒక గురువైపోయి శార్దూలం అవుతుంది, మగణం వస్తుంది అన్నాను. "వస్తుంది, యతి చస్తుంది. అయినా మత్తేభం మైకులో ఏనుగు నడిచినట్టుంటుంది. ఆ నడక నాకు కావాలి." ఆ రోజు పద్యం చదువుతుంటే మా లంక మొత్తం నిశ్శబ్దంగా నిలబడింది. అర్థం తెలిసినవాళ్లు తక్కువే. చదవడం అయ్యాక సంఘం వాళ్లు కండువా కప్పి, ఆ పద్యాన్ని తూము గోడ మీద నీలం రంగుతో రాయించారు. మాస్టారు మధ్యాహ్నాలు క్యారియర్ పట్టుకుని గట్టు మీదికి వెళ్లి ఆ గోడకి ఎదురుగా కూర్చుని అన్నం తినేవారు.

తర్వాత జరిగింది అందరికీ తెలిసిందే. కొల్లేరు కొల్లేరుగా ఉండాలి, లోపల చేపల చెరువులుండకూడదు అన్నారు. అందులో న్యాయం లేదనడానికి నాకిప్పటికీ నోరు రాదు. పక్షులకి మాత్రం వేరే ఊరేదీ? పెద్ద పెద్ద యంత్రాలొచ్చాయి. మందుగుండు పెట్టి గట్లు పేల్చారు. మా గట్టు పేలిన రోజు ఆడవాళ్లంతా ఇళ్ల ముందు నిలబడి చూశారు. నాన్న మెడ లోతు నీళ్లలో దిగి వలతో ఏం పట్టగలిగితే అది పట్టాడు. శీలావతులూ బొచ్చెలూ గండిలోంచి సరస్సులోకి పోతుంటే, చేతులతో ఆపుదామన్నట్టు అడ్డంగా నిలబడ్డాడు. తూము గోడ విరిగి నీళ్లలో పడింది. ఏడవడం కూడా తెలియనంత వేగంగా అయిపోయింది అంతా.

అప్పుడు మొదలైంది. ఎవరు అన్నారో తెలియదు. నీళ్ల బిందెల దగ్గరో, దోనెల రేవులోనో, మెల్లగా, "సగణవంట కదండీ..." అన్న మాట పుట్టింది. నేను మండిపడ్డాను. కొల్లేరంతా పగిలింది కదా, మిగతా చెరువులకి ఎవరు మత్తేభాలు రాశారు అని నాయనమ్మని నిలదీశాను. "ఆళ్ల సంగతి మనకెందుకే. మన చెరువుకి మన పద్యం," అంది. కాకి వాలింది, తాటిపండు పడింది అంటే, కాకి వాలడం మేం కళ్లారా చూశాం కదా అంటారు. పైగా మాస్టారి ముందు ఒక్కరూ ఒక్క మాట తూలలేదు. మా వైపు మనుషుల మర్యాద సంగతి తెలిసిందే. ఆయన దోనె దిగగానే, "మీ తప్పేవుందండీ మాస్టారూ," అని ఎదురొచ్చి మరీ చెప్పేవారు. ఆయన ఏమీ అడగకముందే చెప్పేవారు. అలా రోజుకి పదిమంది తప్పు లేదంటుంటే ఏ మనిషి తట్టుకుంటాడు?

ఒకరోజు మాస్టారు క్లాసులో బల్ల చరిచి, గణఫలాలన్నీ కట్టుకథలని, ఎవరూ నమ్మొద్దని అరిచారు. ఆయన అరవగా మేం చూడడం అదే మొదలు. మేం తల దించుకున్నాం. మాకు చెప్పింది ఆయనే, కాదంటున్నది ఆయనే. చెప్పినప్పుడు నవ్వుతూ చెప్పింది బుర్రలో ఉండిపోయింది, ఇప్పుడు కోపంగా చెబుతున్నది లోపలికి పోలేదు. ఆయనకి అది మా మొహాల్లో కనబడి ఉంటుంది. సుద్దముక్క బల్ల మీద పెట్టేసి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. ఆ రోజు నుంచి ఛందస్సు చెప్పడం మానేశారు. ప్రశ్నలూ జవాబులూ బోర్డు మీద రాసి, ఎక్కించుకోమనేవారు. జెల్లలు అడగడం కూడా మానేశారు. నాయనమ్మ ఏరిపెట్టిన చేపలు డబ్బాలో అలాగే ఉండిపోయాయి. "అడిగితే ఇద్దుననుకున్నానే," అని ఆవిడా బాధపడింది. ఆవిడ నమ్మిందీ నిజమే, బాధపడిందీ నిజమే.

ఏడాది తిరక్కుండా ఊరు ఖాళీ అవడం మొదలైంది. కొందరు పెదవేగి వైపు పామాయిల్ తోటల్లో కూలికి పోయారు, కొందరు అత్తిలి వైపు వరికోతలకి పోయి అక్కడే ఉండిపోయారు. మేం తాడేపల్లిగూడెం చేరాం. గూడెంలో ఉల్లిపాయల మార్కెట్ వెనక రేకుల గది. నాన్న లారీల దగ్గర బస్తాలు మోసేవాడు, అమ్మ కుళ్లిన పాయలు ఏరేది. తవుడు వాసన పోయి ఉల్లి వాసన వచ్చింది. నాయనమ్మకి కళ్లు మండి, నీళ్లు కారుతూనే ఉండేవి. ఏడుస్తుందో, ఉల్లి ఘాటో మాకు తెలిసేది కాదు, ఆవిడకీ తెలిసేది కాదేమో. నేను కొత్త బళ్లో చేరాను. అక్కడ తెలుగు టీచరు గణవిభజన చెయ్యమంటే చేతులు ఎత్తినవాళ్లలో నేనే మొదట. ఆవిడ మెచ్చుకున్నాక నేను మళ్లీ చెయ్యి ఎత్తలేదు.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం గది ముందు అత్తరు వాసన వచ్చింది. మస్తాన్ మాస్టారు. చేతిలో గొడుగు, సంచిలో అరటిపళ్లు. లంక నుంచి వెళ్లిపోయినవాళ్లందరినీ ఊరూరూ తిరిగి వెతుక్కుంటూ చూసి వస్తున్నారట. పెదవేగి వెళ్లొచ్చారు, అత్తిలి వెళ్లొచ్చారు. ఇంట్లో కుర్చీ లేదు. నాన్న ఉల్లిబస్తా ఒకటి జరిపి, దాని మీద తువ్వాలు పరిచి కూర్చోబెట్టాడు. కాసేపు వానలూ ఆరోగ్యాలూ బస్సులూ అయ్యాయి. తర్వాత మాస్టారు తల వంచుకుని నాన్నతో, "ఏడుకొండలూ, నాకు ఆ దేవతల మీద నమ్మకం లేదయ్యా. నా దేవుడు వేరు. కానీ మీకందరికీ ఉంది కదా. అది తెలిసి కూడా రాశాను. నన్ను ఒక్కసారి తిట్టు," అన్నారు.

నాన్న కంగారుపడిపోయాడు. "అయ్యో, అయ్యేం మాటలండీ మాస్టారూ! మీ తప్పేవుందండీ. టీ తాగండి."

"అందరూ ఇదే అంటున్నారయ్యా. ఒక్కడైనా తిడితే, కాదని వాదించుకుంటాను. దణ్ణం పెట్టేవాడితో ఏం వాదించను?"

నాన్న రెండు చేతులూ జోడించి అలాగే నిలబడ్డాడు. మాస్టారు టీ తాగి, అరటిపళ్లు నాయనమ్మ చేతిలో పెట్టి, నా చదువు గురించి రెండు మాటలు అడిగి వెళ్లిపోయారు. నేను రోడ్డుదాకా వెళ్లాను. బస్సెక్కే ముందు, "మళ్లీ వాళ్లు నన్నో పద్యం అడిగితే బాగుండునమ్మా. ఎంత చిన్నదైనా సరే. అడిగితే చాలు, మిగతాదంతా పోతుంది," అన్నారు. రాత్రి అన్నాల దగ్గర నాన్నని అడిగేశాను. నువ్వు నిజంగా నమ్ముతున్నావా నాన్నా, పద్యం వల్లే అని? నాన్న చాలాసేపు ముద్ద కలుపుతూనే ఉన్నాడు. "నమ్మితే ఆయన మీదకి పోద్ది. నమ్మకపోతే ఎవరి మీద ఎట్టుకోనమ్మా? గవర్నమెంటు మీదా? అదెక్కడుంటదో నాకు తెలుసా?" అన్నాడు. నాన్న మీద కోపం రాలేదు, మాస్టారి మీద జాలి తగ్గలేదు. ఆ రెంటినీ పట్టుకుని అలా కూర్చుండిపోయాను. అప్పుడే కాదు, ఇప్పుడూ అంతే.

ఇప్పుడు నేనూ తెలుగు చెబుతున్నాను. నా క్లాసులో పిల్లలకి మత్తేభం అంటే నాలుగు మార్కులు. గణాలు గీసి, యతి స్థానం చెప్పి, పేజీ తిప్పేస్తారు. ఏ పద్యం ఎవరి కోసం రాశారో, రాసినవాడికి ఏమైందో అడగరు. మంచిదే అనుకుంటాను ఒక్కోసారి. పద్యానికి అంత బలం ఉందని నమ్మిన ఊరు ఒక మంచి మనిషిని ఏం చేసిందో చూశాను కదా. మరి ఇంకోసారి, పద్యం చదువుతుంటే ఊరు ఊరంతా ఊపిరి బిగబట్టి నిలబడ్డ ఆ పొద్దు గుర్తొచ్చి, ఈ నాలుగు మార్కులు చాలవనిపిస్తుంది. గణఫలాల జోలికి మాత్రం పోను. వాన కురిసిన రోజుల్లో కూడా.

బాబాయి వచ్చి వెళ్లాక మూడు రోజులు రాయడానికి కూర్చున్నాను. ఒక్క పాదం రాలేదు. నేర్పిన మనిషి ఇదే ఊళ్లో, నాలుగు వీధుల అవతల ఉండగా, ఆయనకి తెలియకుండా ఆయన చెరువుకి నేను పద్యం రాయడమా? బుధవారం సాయంత్రం బడి నుంచి నేరుగా మాస్టారింటికి వెళ్లాను. జరిగింది చెప్పేసి, నేను రాయనని బాబాయికి ఫోన్ చేద్దామనుకున్నాను. మాస్టారు బాగా చిక్కిపోయారు. మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చున్నారు. ఆయన భార్య ఖాజాబీగారు నాకు మంచినీళ్లిచ్చి, దీపం వేశారు. వానలూ ఆరోగ్యాలూ నేనే మాట్లాడాను. బస్సుల దాకా పోకుండా, "మన లంకలో చెరువు మళ్లీ తవ్వారండీ. చేపపిల్ల వదులుతారట. పద్యం కావాలని రాములు బాబాయి వచ్చాడండీ," అన్నాను.

మాస్టారు దిండు వదిలి ముందుకి వంగారు. "నన్నడగమని పంపాడా?"

నేను నోరు తెరిచాను. కాదని చెప్పడానికే తెరిచాను. ఆయన ముఖం చూస్తుంటే ఆ మాట నోట్లోనే ఉండిపోయింది. "అవునండీ," అన్నాను.

"ఖాజా! విన్నావా? లంకవాళ్లు అడిగారట," అని లోపలికి కేకేశారు. ఆవిడ వచ్చి గుమ్మంలో నిలబడి నా వైపు చూశారు. ఆవిడకి అనుమానం వచ్చిందనుకుంటాను. మాస్టారు నన్ను కాగితం తియ్యమన్నారు. "ఈసారి ఉత్పలమాల చెబుతానమ్మా. భగణం, చంద్రుడు. ఎవరి మనసులోనూ ఏ బెంగా ఉండకూడదు," అన్నారు. ఒకప్పుడు ఏనుగు నడక కావాలన్న మనిషి. ఒక్కో పాదానికీ చాలాసేపు పట్టింది. మధ్యలో యతి తప్పితే తనే పట్టుకుని, తల కొట్టుకుని సరిదిద్దారు. నేను రాసుకుంటూ పోయాను. మంచి పద్యం. ఆ పద్యం మర్నాడు మైకులో నా పేరు మీద చదువుతారు. అలా కాకపోతే అసలు చదవరు.

నాలుగో పాదం అయ్యాక ఆయన మళ్లీ దిండుకి ఆనుకున్నారు. తర్వాత, "మీ నాన్న వస్తాడా? పెదవేగి వాళ్లూ అత్తిలి వాళ్లూ వస్తారా?" అని అడిగారు. చూడాలండీ అన్నాను.

"నేనూ వస్తానమ్మా. దోనె ఎక్కగలను, పక్కన ఎవరో ఒకరుంటే చాలు. ఎప్పుడు పెట్టుకున్నారు?"

"ఇంకా రోజు అనుకోలేదటండీ," అన్నాను.

మాస్టారు సరేనని తలూపి, తెల్లచొక్కా ఒకటి ఉతికి ఇస్త్రీ చేయించి ఉంచమని ఖాజాబీగారికి చెప్పారు.